హీటరు బాగుచెయ్యమని ఉత్తరం

కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక ముసలావిడను చూసుకునే పనికి కుదిరి మెర్లీతకు ఆరేళ్లయింది. అంతకుముందు ఐదేళ్లు హాంకాంగ్‌లో ఇదే పని. ఫిలిప్పీన్స్‌లో అమ్మమ్మ దగ్గర వదిలొచ్చిన కూతురు జోవెలిన్‌కు ఇంకో తొమ్మిది రోజుల్లో ఇరవై రెండు నిండుతాయి. ఈలోగా ఇక్కడ స్థిరపడటానికి దరఖాస్తు పడకపోతే, కెనడా లెక్కలో అది ఇక పిల్ల కాదు, తల్లితో పాటు రానివ్వరు. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఇంగ్లీషు పరీక్ష పాసైన కాగితం ఒక్కటే మిగిలింది.

ఇంగ్లీషు రాదా అంటే, పదకొండేళ్లుగా దాంతోనే బతుకుతోంది. కానీ ఆదివారం ప్రార్థనయ్యాక చర్చి కింది గదిలో చేరే ఆయాలందరికీ నెనీత అక్క మాటే వేదం.

"చిన్న మాటలు రాస్తే చిన్న మార్కులే వేస్తారే పిచ్చిదానా! దిద్దేవాడి కళ్లు తిరగాలి" అనేది అక్క. వారానికి యాభై బరువైన మాటలు పంచేది. వాటితో అల్లిన ఫిర్యాదు ఉత్తరం ఒకటి అందరి చేతా బట్టీ పట్టించింది. పరీక్షలో దేని మీద ఫిర్యాదు అడిగినా అదే రాసి, వస్తువు పేరు మార్చేస్తే సరి. పాపం, తనూ అలాగే గట్టెక్కానని ఆవిడ నమ్మకం.

మెర్లీత నాలుగు నెలలు దుప్పట్లు మడతపెడుతూ, చేపలు కడుగుతూ అదే వల్లించింది.

ఇవాళ సాయంత్రం ఫలితం వచ్చింది. రాయడంలో కావలసినదానికి ఒక్క మెట్టు తగ్గింది. మళ్లీ పరీక్షకు ఖాళీ వచ్చే నెలలోనే.

"ఏం రాశావో చెప్పు" అంది ముసలావిడ హాల్డార్సన్. ఒకప్పుడు బడిపంతులమ్మ. మెర్లీత ఉత్తరమంతా గడగడా అప్పజెప్పింది.

"బాగానే ఉంది. ఇంతకీ నీకేం కావాలట?"

"హీటరు పాడైంది, బాగుచెయ్యమని మేడమ్."

"ఆ ముక్క ఎక్కడుంది?"

మెర్లీత మనసులో మొదటి నుంచి వెతుక్కుంది. ఆవేదన ఉంది, ఆగ్రహం ఉంది, తీవ్ర దిగ్భ్రాంతి ఉంది. బాగుచెయ్యమన్న మాట ఎక్కడా లేదు.

"జనవరిలో మన హీటరు ఆగితే మా అబ్బాయికి ఏం రాశావు? 'హీటరు ఆగిపోయింది. అమ్మ వణుకుతోంది. వెంటనే రండి.' అరగంటలో పరుగెత్తుకొచ్చాడు. నన్నొక్కసారి అడగకపోయావా తల్లీ?"

"మీరు అన్నీ చిన్న మాటలే వాడతారు కదా అనుకున్నాను మేడమ్."

మెర్లీత వంటింట్లోకి వెళ్లి కూతురికి ఫోను కలిపింది. అక్కడ తెల్లవారింది, జోవెలిన్ పనికి బయల్దేరుతోంది. విషయం రెండు ముక్కల్లో చెప్పేసింది.

"సరేలే అమ్మా" అంది కూతురు, చెప్పుల పట్టీ బిగించుకుంటూ. "నువ్వేడవకు. అన్నం తిన్నావా? నువ్వు లేకుండా ఉండటం నాకు అలవాటేగా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అది ఒక్క తిట్టు తిట్టినా, ఒక్కసారి భోరుమన్నా బాగుండేదని మెర్లీతకు అనిపించింది. బస్సొచ్చిందంటూ కూతురు ఫోను పెట్టేసింది.