టేపు పట్టుకొచ్చిన పెద్దమనిషి

మంగళవారం పదిన్నర బండికి దిగే ఆ ముసలాయన మీద విన్‌ఫ్రెడ్ ఓల్డ్‌రాయిడ్‌కి మొదటినుంచీ గురి కుదరలేదు.

హాలిన్‌బెక్ లోయలో సర్కారు మూసేసిన రైలుదారిని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చందాలు వేసుకుని బాగుచేసి, పాత పొగబండ్లు నడుపుతున్నారు. ఆ దారిలో ఒక స్టేషన్లో టికెట్లిచ్చేదీ, నేల తుడిచేదీ విన్‌ఫ్రెడే. జీతం లేని కొలువు.

వచ్చినవాళ్లంతా కొండల్నీ, వాగు మీది రాతి వంతెననీ చూసి మురిసిపోతారు. ఈయన అటు తలైనా తిప్పడు. నేరుగా ప్రయాణికుల గదిలోకి వెళ్లి గోడకేసి చూస్తాడు. మూడోవారం జేబులోంచి టేపు తీసి కొలిచాడు కూడా. సిగ్నళ్లు చూసే లెన్‌తో చెబితే, స్టేషన్ని హోటలు చేయడానికి ఎవరో కన్నేశారని ఊళ్లో అనుకుంటున్నారంటూ అతను అగ్గికి ఆజ్యం పోశాడు.

నాలుగోవారం ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏంటండీ ఆ కొలతలు? ఎవరు పంపారు మిమ్మల్ని?"

ఆయన తొణకలేదు. "ముందు మీరు చెప్పండి. ఇక్కడి పాత సామాను అమ్మేసుకుంటారటగా?"

"అమ్ముకునేదాన్నైతే ఈ చలిలో నేల తుడుస్తూ ఎందుకుంటాను?"

ఆ మాట విన్నాక ఆయన అసలు సంగతి చెప్పాడు. పేరు ఆంబ్రోస్ టెంపెస్ట్. ముప్పై ఏళ్ల కిందట ఇక్కడ పట్టాలు పీకిన కూలీల్లో తనొకడు. ఈ గది గోడగడియారాన్ని చెత్తలో వేయమంటే మనసొప్పక ఇంటికి పట్టుకుపోయాడు. తిరిగిద్దామంటే దొంగ అంటారని ఒక భయం, వీళ్లు అమ్మేస్తారేమోనని ఇంకొకటి. అందుకే వారం వారం వచ్చి కనిపెడుతున్నాడు. గోడ మీద అది వేలాడిన చోట మిగిలిన గుండ్రటి మచ్చకి తన గడియారం సరిపోతుందనీ చెప్పాడు.

"కొలత తీసుకున్నాక సరిపోతుందని ఎవరైనా అంటారు. తెచ్చి చూపించండి" అంది ఆవిడ.

తరువాతి మంగళవారం ఆయన దుప్పట్లో చుట్టి తెచ్చాడు. లెన్ నిచ్చెనెక్కి పెడితే అది మచ్చని అంచులదాకా కప్పేసింది. ఆవిడ టీ పోసిచ్చింది. ఎన్నటికీ అమ్మబోమని రాసివ్వమన్నాడాయన. రాసిచ్చింది. రెండుసార్లు చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కీ ఇచ్చే చెవి మాత్రం నా దగ్గరే ఉంటుంది" అన్నాడు.

"సరే. వారం వారం మీరే వచ్చి తిప్పండి."

ఆయన ఒక్క మంగళవారమూ తప్పలేదు. ఆయన బల్లెక్కి కీ ఇస్తున్నంతసేపూ ఆవిడ టికెట్ల కిటికీలోంచి చూస్తూనే ఉండేది.