ఒకే ఆదివారం చదివిన ప్రకటన

నా పెళ్లిలో ఒక బెంచీ కిర్రుమంది. ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండని పాస్టరు గారు అడిగి, జవాబు కోసం ఆగిన ఆ కాసేపట్లో, వెనక వరసల్లో ఎక్కడో. ఎవరైనా లేచి నిలబడ్డారా, లేక కాళ్లు తిమ్మిరెక్కి సర్దుకున్నారా? నేను తిరిగి చూడలేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ సందేహం నాతో కాపురం చేస్తోంది.

ఎవరి పెళ్లికి వెళ్లినా ఆ ప్రశ్న దగ్గర నా మెడ బిగుసుకుపోతుంది. చర్చిలో పాత బెంచీలు పోయి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. అయినా ఆ చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. నాకు నరం పట్టేస్తుందని మా ఆవిడ నమ్మకం. ప్రతి పెళ్లికీ నొప్పి మందు సంచీలో వేసుకుని వస్తుంది.

నేను పుస్తకాలు బైండింగు చేస్తాను. మా ముందుగదే నా దుకాణం. అట్టలు కోయడం, జిగురు పూయడం నా పని. మడిచిన కాగితాల కట్టల్ని, అంటే ఫారాల్ని, కుట్టడం ఆవిడ పని. కిందటి నెల మా చర్చి నుంచి పాత పెళ్లి ప్రకటనల రిజిస్టరు వచ్చింది. మా దగ్గర పెళ్లికి ముందు మూడు ఆదివారాలు జంట పేర్లు అందరి ముందూ చదువుతారు. చదివిన తేదీలు అందులో రాస్తారు. ఆ పుస్తకాన్ని గుర్తుపట్టడానికి నేను అట్ట తెరవక్కర్లేదు. ఇంకో బైండరుకు ఇమ్మని చెబుదామనుకున్నాను. ఏ కారణం చెప్పాలో తోచక తీసుకున్నాను.

వెన్ను విప్పి, ఫారాలు విడదీసి ఆవిడ ముందు పెట్టాను. దారానికి మైనం రాస్తున్న ఆవిడ చెయ్యి ఒక పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఇది మీ పేరేగా?"

నా పేరే. పక్కనున్న పేరు ఆవిడది కాదు. ఒక ఆదివారం తేదీ వేసి ఉంది. మిగతా రెండు గళ్లూ ఖాళీ. కింద ఎర్ర సిరాతో, వధువు కోరిక మీద రద్దు అని రాసి ఉంది.

చర్చిలో పాత సంగతులు ఎవరూ పైకి అనరు, ఎవరూ మర్చిపోరు. మా ఆవిడది వేరే ఊరు కాబట్టి ఇన్నేళ్లూ ఆమె చెవిన పడలేదు. ఇక చెప్పక తప్పలేదు.

ఆ అమ్మాయి కళ్లద్దాల షాపులో పనిచేసేది. అందరూ అద్దాలమ్మాయి అనేవాళ్లు. రెండేళ్లు ఒకరినొకరు ఇష్టపడి, కలిసి ప్రార్థన చేసి మరీ మాట ఇచ్చుకున్నాం. ఆమెకొక చెల్లెలుండేది, వయసు పెరిగినా మనసు పెరగని పిల్ల. పెళ్లయ్యాక చెల్లెలు మనతోనే ఉంటుందని ముందే చెప్పింది. దానికేం, సరేనన్నాను. మొదటి ప్రకటన చదివిన సాయంత్రం ఆ పిల్ల నన్ను బావా అని పిలిచి, నా చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నా ఆ పట్టు అలాగే ఉన్నట్టనిపించింది. బతికినన్నాళ్లూ ఇదేనా అని భయం పట్టుకుంది.

నేను వద్దంటే సంఘపెద్దలు నన్ను నిలదీస్తారు. అందుకని, నువ్వే వద్దన్నావని చెప్పమని ఆమెను అడిగాను. ఆమె చేతిలో ఉన్న అద్దాన్ని తుడిచిందే తుడుస్తూ ఉండిపోయి, చివరికి ఒప్పుకుంది. ఒక్కటే కోరింది. వాళ్ల నాన్నకు మాత్రం నిజం నేనే వచ్చి చెప్పాలి. వచ్చే ఆదివారం చెబుతానన్నాను.

అంతా విని, ఆమె ఎలా ఉండేదని మా ఆవిడ అడగలేదు. అదే అడుగుతుందని భయపడ్డాను.

"చెప్పారా?"

"లేదు."

"దేవుడికైనా చెప్పుకున్నారా?"

"ఎన్నోసార్లు. క్షమించాడనే నమ్ముతున్నాను."

"క్షమించే ఉంటాడు. ఆయనకేం అబద్ధం చెప్పలేదుగా మీరు. చెప్పించింది వాళ్ల నాన్నకు." ఆవిడ సూదిని దారపు ఉండకు గుచ్చేసింది. "భయం ఎవరికైనా వేస్తుంది. మీ భయాన్ని తీసుకెళ్లి ఆ అద్దాలమ్మాయి నెత్తిన రుద్దారు. రేపు నేను మంచాన పడితే ఎవరి నెత్తిన రుద్దుతారు?"

ఆ ఫారం కుట్టనంది. నాలుగు రోజులు ఇంట్లో సూది కదల్లేదు. అన్నం పెట్టింది, మందులు గుర్తుచేసింది, ప్రార్థనలో పక్కనే కూర్చుంది. కానీ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసేది. ఇరవై తొమ్మిదేళ్ల కాపురం ఆ రెండు ఖాళీ గళ్లలోకి జారిపోతున్నట్టనిపించింది.

మంగళవారం పొద్దున అద్దాలమ్మాయి వాళ్ల నాన్న దగ్గరకు వెళ్దామని నేను చొక్కా వేసుకుంటుంటే తనూ చెప్పులు వేసుకుంది. లోపలికి రానని, బస్టాపులో కూర్చుంటానని చెప్పింది.

వాళ్ల ఇల్లు మారలేదు. అద్దాలమ్మాయి తలుపు తీసింది. జుట్టంతా నెరిసింది.

"ఆదివారం అన్నావు. ఇవాళ మంగళవారం."

నవ్వాలో వద్దో తెలియలేదు. గుమ్మంలోనే అడిగేశాను, నా పెళ్లిలో వెనక లేచి నిలబడింది నువ్వేనా అని.

"నీ పెళ్లికి నేనెందుకొస్తాను? ఆ రోజు చెల్లికి జ్వరం. ఆస్పత్రిలో ఉన్నాం."

ఆమె కాకపోతే మరెవరు? అసలా చప్పుడు నేను తప్ప ఎవరైనా విన్నారా? లోపల గోడవారగా ఒక పొట్టి కుర్చీ ఖాళీగా ఉంది. చెల్లెలు పోయి ఆరేళ్లయిందని ఆమే చెప్పింది.

వాళ్ల నాన్న ప్రెస్సులో మెకానిక్కుగా చేసి, ఆ మిషన్ల రొదలో చెవులు పోగొట్టుకున్న మనిషి. ఇప్పుడు తొంభైకి దగ్గర. మంచం పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. వినబడలేదు. గట్టిగా చెప్పమన్నాడు. గొంతులో ఇన్నేళ్లు అణచిపెట్టుకున్నది పక్కింటికి కూడా వినబడేలా అరవాల్సి వచ్చింది.

"మీ అమ్మాయి మాట తప్పలేదు. పెళ్లి వద్దన్నది నేను. తనతో అబద్ధం చెప్పించింది నేను."

ఆయన మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"మాట తప్పిన పిల్ల అని, రోజూ ప్రార్థనలో దాన్ని క్షమిస్తూ వచ్చాను. పైకే చెప్పేవాణ్ణి. ఇది పక్కన కూర్చుని ఆమెన్ అనేది." నావైపు వంగి అడిగాడు. "ఆ క్షమాపణంతా ఇప్పుడెక్కడ పెట్టుకోను, బాబూ?"

క్షమించడం గొప్పదని చిన్నప్పటినుంచీ వింటున్నాను. చెయ్యని తప్పుకు రోజూ క్షమాపణ మోసినవాళ్ల గురించి మాత్రం ఏ ప్రసంగంలోనూ వినలేదు.

ఆయన కూతురి వైపు తిరిగాడు. కాస్త జరిగి చోటిచ్చాడు. ఆమె వెళ్లి మంచం మీద ఆయన పక్కన కూర్చుంది. నేను లేచాను. నావైపు చూడకుండానే, తలుపు దగ్గరగా వేసి వెళ్లమంది. వేశాను.

బస్టాపులో మా ఆవిడ, వాళ్లేమన్నారని అడగలేదు. చెప్పారా అని మాత్రం అడిగింది.

చెప్పానన్నాను.