లింగం చూసిన పులి

పంపు స్టవ్వుల తోలు వాషర్లకు కొబ్బరినూనె పట్టించనిదే రామలింగం ఏ యాత్రకూ బయలుదేరడు. వాషర్ ఎండితే పంపు గాలి పట్టదు, గాలి పట్టకపోతే మంట లేవదు, మంట లేవకపోతే ముప్పై ఎనిమిది మంది కడుపులు కాలతాయి. ఆ ఉదయం కూడా బేగంబజార్ సందులో, బాబురావు యాత్రా బస్సు వెనక గోనెసంచి పరుచుకుని మూడు స్టవ్వులకూ నూనె పట్టించాడు. పొగకు ఎర్రబడ్డ కళ్లు, నూనె చిట్లి మచ్చలు పడ్డ ముంజేతులు, వదులు ఖాకీ చొక్కా. అదీ సేఠ్ బాబురావు తొడిగి వదిలేసిందే.

పంతొమ్మిది వందల డెబ్భై ఆరు నాటికి ఆ వంట కొలువులో పదకొండేళ్లు. బందీపూర్ అడవి, ఊటీ, జోగ్ జలపాతం, బస్సు అతన్ని తిప్పని చోటు లేదు. జనం చూడటానికి వెళ్తే అతను ఉల్లిగడ్డలు కోసేవాడు, తిరిగొస్తే వడ్డించేవాడు. జోగ్‌ను చెవులతో విన్నాడు గానీ కళ్లతో చూడలేదు. "వచ్చే ట్రిప్పుకు చూద్దువు తియ్" అని ప్రతిసారీ సేఠ్ మాట. పైపెచ్చు టికెట్ కొనేవాళ్లు తటపటాయిస్తే, "మా లింగాన్ని అడుగుండ్రి, పులిని ఎన్నిసార్లు చూసిండో!" అనేవాడు. లింగం తడుముకోకుండా చెప్పేవాడు. విస్తళ్ల ముందు జనం చెప్పుకోగా విన్నదే అదంతా.

ఫలక్‌నుమాలో ఇంటికి పోయి పెళ్లానికీ అదే చెప్పేవాడు. చెప్పీ చెప్పీ మాణిక్యమ్మకు ఆశ పుట్టించాడు. ఈసారి ఆమెకొక సీటు అడిగితే, బాబురావు దేవుడి పటం మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు. అడవిలో జలగలుంటాయని ఆమె పత్తర్‌గట్టీలో కాన్వాసు బూట్లు కొనుక్కుంది. చీర కింద అవి వేసుకుని, సంచి పట్టుకుని, పొద్దున్నే వచ్చి బస్సు పక్కన నిలబడింది.

తొమ్మిదింటికి వచ్చిన బాబురావు ఆ బూట్లు చూసి పకపకా నవ్వాడు.

"సీట్లన్నీ నిండినయ్ లింగం. మా బావమర్ది దోస్తు ఆఖరుకు వచ్చిండు, ఏం జేస్త? ఆడోళ్లకు అడవెందుకు? ఇంటికి పొమ్మను. వచ్చే ట్రిప్పుకు చూద్దాం తియ్."

"అచ్ఛా సేఠ్" అన్నాడు రామలింగం.

పైకి అంతే. లోపల మాత్రం పదకొండేళ్ల కడుపుమంట ఒక్కసారిగా రాజుకుంది. నా సంగతి సరే, దాని మొహం మీద నవ్వుతాడా? బస్సు వెనక్కి వెళ్లి పంపులు విప్పాడు. మూడు వాషర్లూ ఊడదీసి జేబులో వేసుకుని, పంపులు మళ్లీ బిగించాడు. మధ్యాహ్నం వంటకు బస్సు ఆగేది జడ్చర్ల దాటాక ఒక మామిడితోపులో. హోటలు కనబడితే జనం తన భోజనానికి వంకలు పెడతారని బాబురావే ఏరికోరి పెట్టుకున్న చోటు. తన గోతిలో తనే పడాలి, తప్పదు.

బాబురావు కొబ్బరికాయ కొట్టి ముందు సీట్లో కూర్చున్నాడు. లింగం వెనక తలుపులోంచి దిగాడు. పదకొండేళ్లుగా వెనక్కి తిరిగి చూడని సేఠ్ ఇవాళ మాత్రం ఎందుకు చూస్తాడు? బస్సు పొగ వదిలి, మలుపు తిరిగి వెళ్లిపోయింది.

"ఏందిది? నువ్వు గూడ పోలేదా?" అంది మాణిక్యమ్మ.

"పోలే. దా, పులిని చూపిస్త."

పురానాపూల్ దాటి, బహదూర్‌పురాలో జూ దాకా నడిచారు. కందకం అవతల పులి లేచి, ఒళ్లు విరుచుకుని, నాలుగడుగులు వేసింది. లింగం నోరు తెరుచుకుని చూశాడు.

"నువ్వు చెప్పిన పులి గింతే ఉంటదా?"

"నాకేమెరుక? నేను గూడ గిప్పుడే చూస్తున్న."

ఆమె అతని వైపు తిరిగింది. "మరి గన్నేండ్ల సంది చెప్పినయన్ని ఏంది?"

"తినేటోళ్లు మాట్లాడుకుంటే విన్న మాణిక్యం. నేను చూసింది గిన్నెలే."

ఆమె తిట్టలేదు. మళ్లీ పులి వైపు తిరిగింది. ఎండ నడినెత్తికొచ్చింది. లింగం జేబులోంచి వాషర్లు తీసి గోడ మీద పెట్టి, కసిగా నవ్వాడు.

"సేఠ్ గిప్పుడు పంపు కొడుతుంటడు. కొట్టనీ, చేతులు పడిపోయేదాక కొట్టనీ. జనం గల్లా పట్టుకుంటరు."

"అయ్యో, బస్సుల పిల్లలున్నరు గద!"

"పిల్లలకు అటుకులు, బెల్లం పెట్టొచ్చిన."

"మరి నీ కొలువు?"

"పాయె."

మాణిక్యమ్మ తన బూట్ల వైపు చూసుకుంది. "పోనీ తియ్. మస్తు నవ్విండు గద నన్ను జూసి" అని, సంచి భుజానికి తగిలించుకుని, ఏనుగులెక్కడని అడుగుతూ ముందు నడిచింది. అతను వెనకే వెళ్లాడు.

పులి కందకం గోడ మీద, నూనెకు మెరుస్తూ, మూడు తోలు వాషర్లు మిగిలాయి.