బావ గెలిచిన కలలు

ఎత్తు మేడల అద్దాలు తుడిచే ఆ జట్టులో ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు, అందరూ టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాక, మేస్త్రమ్మ ఒకే ప్రశ్న అడిగేది.

"చెప్పండర్రా, రాత్రి ఎవరికేం కలొచ్చింది?"

కల చెప్పనివాడికి టీ దొరికేది గానీ తాడు దొరికేది కాదు.

మేస్త్రమ్మకి దెయ్యాలంటే నమ్మకమేమో అనుకునేరు. ఆవిడ దెయ్యాన్ని కూడా బకెట్టు మోయమనే రకం. ఆవిడ లెక్కంతా వేరు. "కలలో పడ్డవాడికి పగలు కాళ్ళు వణుకుతాయి. కాళ్ళు వణికినవాడు నిజంగానే పడతాడు. నాకు జాతకాలు తెలీవు, వణుకు తెలుసు" అనేది. అందుకని, పడినట్టో, ఎవర్నైనా పడేసినట్టో కలగన్నవాడు ఆ రోజుకి కింద నేలమీద నిలబడి అద్దాలు తుడుచుకోవాలి. అదే కల మళ్ళీ మళ్ళీ వస్తే తాడు శాశ్వతంగా చెయ్యి జారినట్టే. అంతకుముందు ఒక పొడుగాయన అలాగే జట్టు వదిలి గోదాముకి కాపలాదారుగా పోయాడు. అక్కడ రాత్రంతా మేలుకునుండాలి కాబట్టి ఆయనకి కలల బాధే తీరిపోయింది.

ఆ జట్టులో తాడు పట్టేవాణ్ణి అందరూ "బావ" అనేవారు. నిజానికి ఆయన ఒక్కడికే బావ. ఆ ఒక్కడూ, అంటే ఆయన పెళ్ళాం తమ్ముడు, రోజంతా "బావా, బావా" అని ఊదరగొట్టడంతో అది జట్టంతటికీ అంటుకుంది. తల్లి వయసున్న మేస్త్రమ్మ కూడా "ఒరే బావా" అనేది. చివరికి ఆయన్ని బావా అని పిలవనిది కట్టుకున్న భార్య ఒక్కతే.

పని ఎలాగంటే, మేడ పైన ఇనపస్తంభానికి మోకు రెండు చుట్లు చుట్టి, బావ దాన్ని కొంచెం కొంచెంగా వదులుతుంటాడు. మోకు రెండో కొసన వేలాడే పలకని వాళ్ళు ఉయ్యాల అంటారు. దానిమీద బామ్మర్ది కూచుని బకెట్టూ కుంచె పట్టుకుని అద్దాలు తుడుచుకుంటూ దిగుతాడు. నడుముకి బెల్టూ దానికి వేరే తాడూ ఉంటాయనుకోండి. కానీ మేస్త్రమ్మ మాటల్లో చెప్పాలంటే, బెల్టు నేల నుంచి కాపాడుతుంది, ఊగి గుద్దుకునే గోడ నుంచి కాపాడదు.

గోడ అంచు అడ్డం కాబట్టి పైనున్న బావకి కిందివాడు కనపడడు. కనపడక్కర్లేదు కూడా. బామ్మర్ది నోట్లో నువ్వుగింజ నానదు. అద్దం అవతల కూచున్న ఉద్యోగి బోడిగుండు గురించీ, పావురాల సంసారం గురించీ ఏకధాటిగా చెబుతూనే ఉంటాడు. ఆ గొంతు ఎంత దూరాన ఉందో, ఎటు ఊగుతోందో విని బావ తాడు వదిలేవాడు. ఆయనకి కళ్ళు చెవుల్లో ఉండేవి.

ఇక బావ కలల సంగతి. వాటి కోసమే కొందరు పెందరాళే పనిలోకి వచ్చేవారంటే అతిశయోక్తి కాదు.

"ఫుట్‌బాల్ ఆటర్రా. గోలు కాపలా నాది. బంతి ఏనుగంత లావున దూసుకొస్తోంది. కాళ్ళు బార్లా చాపి నిలబడి వెనక్కి చూద్దును కదా, గోలు లేదు! స్తంభాలు రెండూ భుజం భుజం కలుపుకుని టీ తాగడానికి పోతున్నాయి. వాటి వెనక నేను, నా వెనక బంతి, బంతి వెనక జనం. మా జట్టు ఎన్ని గోలులతో ఓడిందో లెక్కపెట్టేవాడు విసుగెత్తి ఇంటికి పోయాడు."

ఇంకోసారి రైలెక్కాడు. కొండలు దాటి, సముద్రం మీదుగా పోయి పోయి, రైలు తిన్నగా తన వంటింట్లోనే ఆగింది. టిక్కెట్లు చూసే అధికారి ఎవరయ్యా అంటే వాళ్ళావిడే. టిక్కెట్టు లేదన్నాడు. అయితే గిన్నెలు తోమమంది. ఇంకోసారి ఆకాశమంత అద్దం పొద్దస్తమానం తుడిచాడు. తుడిచిన చోటల్లా మళ్ళీ మురికి! అవతలవైపు ఎవడో మురికి చేతులతో పాముతున్నాడు. ఎవడ్రా నువ్వని కసిరితే వాడూ కసిరాడు. చూస్తే తనే.

అలాంటి కలలు. జట్టు కడుపుబ్బ నవ్వేది, మేస్త్రమ్మ కళ్ళు తుడుచుకుని తాడు చేతికిచ్చేది.

ఈ మధ్య మాత్రం కలల తీరు మారింది. పరుగుపందెంలో గుర్రాలు వెనకపడిపోయాయి, బావ ముందు. బహుమతిగా ఇచ్చిన కప్పు నీళ్ళ ట్యాంకంత ఉంది, ఇంటికి దొర్లించుకొచ్చాడు. ఓడ ప్రయాణంలో తుఫానొస్తే కెప్టెను మంచం కింద దూరాడు, చుక్కాని బావ పట్టాడు. కొండంత మేడ అద్దాలన్నీ ఒక్క విసురుతో తుడిచేస్తే యజమాని కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టాడు. జట్టు మునుపటికంటే గట్టిగా నవ్వింది. బామ్మర్ది మాత్రం గ్లాసు అంచు కొరుకుతూ బావ మొహంలోకి చూస్తుండేవాడు.

ఈ గెలుపులన్నీ కోతలు. ఈమధ్య బావకి వస్తున్నది ఒకే కల.

కలలో ఆయన మేడ పైన నిలబడి తాడు వదులుతుంటాడు. కింద నుంచి బామ్మర్ది వాగుడు వినపడుతుంటుంది. ఉన్నట్టుండి కుడిచెయ్యి తనది కాకుండా పోతుంది. పట్టు బిగించమంటే చెయ్యి వినదు. మోకు సర్రున జారుతుంది. కింద నుంచి వస్తున్న మాట మధ్యలో ఆగిపోతుంది.

అక్కడ మెలకువ వచ్చేది. ఒళ్ళంతా చెమట. కుడిచెయ్యి చూస్తే మొద్దులా పక్కన పడి ఉండేది. పక్కనే భార్య ఆదమరిచి నిద్రపోతుండేది. ఆవిణ్ణి లేపి "నీ ఒక్కగానొక్క తమ్ముణ్ణి ఇప్పుడే పడేశాను" అని ఏ మొహంతో చెబుతాడు? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకునేవాడు.

మేస్త్రమ్మకి చెబితే తాడు పోతుంది. పోతే పోయింది, ఆ తాడు ఎవరి చేతికి పోతుందన్నది అసలు బాధ. జట్టులో ఆ పని తెలిసిన రెండోవాడు ఆవులింతాయన ఒక్కడే. మాట మొదలుపెట్టి ఆవులించి, ఏం మొదలుపెట్టాడో ఎదుటివాణ్ణే అడిగే మనిషి. అతని చేతికి బామ్మర్దిని అప్పగించడమా, నమ్మకం పోగొట్టుకున్న తన చేతిలోనే ఉంచుకోవడమా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. బావ రోజూ గోతిలో నిలబడే కోతలు కోస్తున్నాడు.

పోనీ ఇంటికెళ్తే ఊపిరాడుతుందా అంటే, బామ్మర్ది అక్కడా ఉన్నాడు. అతని ఇంటి కప్పు విప్పి కొత్తగా వేస్తున్నారని కొన్నాళ్ళ కిందట అక్కగారింట దిగాడు. సంచీ ఒక్కటే తెచ్చుకున్నాడు గానీ, వచ్చీరాగానే బావ కుర్చీని ఆక్రమించాడు, రేడియోని ఆక్రమించాడు. తలకింద దిండు ఉండగానే అక్క దిండు కూడా లాక్కుని కాళ్ళ కింద పెట్టుకున్నాడు.

"కాళ్ళకి దిండెందుకురా?" అని బావ అడిగితే, "పగలంతా గాల్లో వేలాడే కాళ్ళు బావా. ఇంటికొచ్చాకైనా వాటికి మర్యాద చెయ్యొద్దూ?" అన్నాడు.

"పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, పాపం" అంది అక్క. ఆవిడకి తమ్ముడంటే అంత ప్రాణం. ఆ మాట వింటే బావ గుండెలో రాయి పడేది.

అలా ఉండగా ఒక రోజు జట్టు ఊరందరికీ కనిపించే ఒక పెద్ద కార్యాలయం ముందు నిలబడింది. అన్నిటికంటే ఎత్తు గోడ ఇంకా మిగిలి ఉంది. మేస్త్రమ్మ కలడిగింది. బావ గొంతు సవరించుకున్నాడు.

"తాడులాట. అటువైపు పహిల్వాన్లు, ఒక్కొక్కడూ బీరువాలా ఉన్నాడు. ఇటువైపు నేనొక్కణ్ణే. ఈల వేశారు. ఒక్క గుంజు గుంజాను. పహిల్వాన్లే కాదర్రా, వాళ్ళ వెనక కూచున్న జనం, కుర్చీలు, గుడారం, అన్నీ లాక్కొచ్చి నా కాళ్ళ దగ్గర పడ్డాయి!"

జట్టు ఈలలు వేసింది. ఆవులింతాయన సగం ఆవులింత ఆపి మరీ నవ్వాడు. మేస్త్రమ్మ తాడు ఇచ్చింది.

పైకెక్కారు. బావ స్తంభానికి మోకు చుట్టి, ముడి చూసి, మళ్ళీ చూసి, మూడోసారి కూడా చూశాడు. బామ్మర్ది బెల్టు పెట్టుకున్నాడు. కానీ ఉయ్యాల ఎక్కలేదు. పక్కనే నీళ్ళ తొట్టి గట్టుమీద కూచున్నాడు. మాట్లాడటం లేదు. బావకి కలలో ఆగిన మాట గుర్తొచ్చింది.

"ఏరా, ఎక్కవేం? ముహూర్తం చూడాలా?"

"బావా, ఒకటడుగుతా. నీ కలల్లో నువ్వెప్పుడైనా గెలిచావా?"

"ఇప్పుడే కదరా గెలిచాను! పహిల్వాన్లని..."

"అది సరే. అంతకుముందు? నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ నీ కలలు వింటున్నాను. నీ పెళ్ళిలో కూడా పొద్దున్నే పందిట్లో చెప్పావు, సైకిలు పందెంలో తాబేలు చేతిలో ఓడిపోయానని. గోలు పారిపోతుంది, రైలు వంటింట్లో ఆగుతుంది, అద్దంలో నువ్వే నిన్ను తిడతావు. అదీ నీ కల. అట్లాంటిది ఈమధ్య గుర్రాల్ని ఓడిస్తున్నావు, ఓడలు నడుపుతున్నావు. ఎవడి కలలు బావా అవి? అరువు తెచ్చుకున్నావా?"

బావ స్తంభానికి ఆనుకున్నాడు. చేతిలో మోకు నేలమీద పెట్టాడు. ఇన్నాళ్ళూ పళ్ళబిగువున ఆపిందంతా ఒక్క ముక్కలో బయటపడింది.

"నిన్ను పడేస్తున్నానురా. రోజూ."

బామ్మర్ది గోడ అంచుకేసి చూశాడు.

"పడ్డాక ఎలా ఉన్నాను?"

"చూడలేదు. నీ మాట ఆగిపోతుంది. అంతే."

"మాట ఆగిపోవడమా? నాదా?" బామ్మర్ది లేచి నిలబడ్డాడు. "అప్పుడైనా తెలియొద్దూ బావా నీకు, అది ఉత్త కలని! పడితే మాత్రం ఊరుకుంటానా? దారిపొడుగునా నిన్ను తిట్టుకుంటూ పడనూ?"

బావకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెంటికీ దారి చాలక దగ్గొచ్చింది.

ఈలోగా ఉయ్యాల ఎంతకీ దిగకపోయేసరికి మేస్త్రమ్మ రొప్పుకుంటూ పైకొచ్చింది. బావ తలవంచుకుని అంతా చెప్పాడు. ఆవిడ మొహం కందగడ్డయింది.

"పడేసే కల కడుపులో పెట్టుకుని తాడు పడుతున్నావా? పిల్లాడికేమన్నా అయితే? నాకు కథలు చెబుతావా నాకు?"

"తప్పే, మేస్త్రమ్మా. తాడు తీసేసుకోండి."

"తీసుకునేదీ లేనిదీ నాకు తెలుసులే. ఏ చెయ్యి జారుతోంది?"

"కుడిచెయ్యి."

"లేచాక?"

"మొద్దుబారిపోయి ఉంటుంది. కాసేపటిదాకా కదలదు. తర్వాత చీమలు పాకినట్టుండి బాగైపోతుంది."

మేస్త్రమ్మ కోపం కాస్త పక్కనపెట్టి ఆలోచనలో పడింది. ఆయన చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది, వేళ్ళు నొక్కింది. "నీ పెళ్ళాం ఎటుపక్క పడుకుంటుంది?"

"అదేం ప్రశ్న మేస్త్రమ్మా, పిల్లాడి ముందు..."

"ఎటుపక్క?"

"కుడిపక్క."

"దిండు మీదేనా తల?"

బావ మెల్లగా బామ్మర్ది వైపు తిరిగాడు. మేస్త్రమ్మ కూడా తిరిగింది. బామ్మర్ది తన కాళ్ళకేసి చూసుకున్నాడు.

"దిండు... నా దగ్గరుంది" అన్నాడు. "కాళ్ళ కింద."

"ఓరి నీ కాళ్ళు బంగారంగానూ!" మేస్త్రమ్మ నడుంమీద చేతులు పెట్టుకుంది. "నీ కాళ్ళు దిండెక్కాయి, మీ అక్క తల బావ చెయ్యెక్కింది, ఆ చెయ్యి నిన్ను కిందికి దించేసింది! నిన్ను పడేస్తున్నది నువ్వేరా వెధవాయ్!"

మేడ పైన ముగ్గురి నవ్వూ విని కింద ఆవులింతాయన ఏమైందోనని తలెత్తి, ఆ ఎత్తుకి కళ్ళు తిరిగి, గోడ పట్టుకున్నాడట.

అయినా ఆవిడ మేస్త్రమ్మ. ఊరికే వదులుతుందా? మోకు కొస తన నడుముకి కట్టుకుని, బామ్మర్దిని కూడా పట్టుకోమని, ఇద్దరూ కలిసి గుంజారు. ఆవిడ ఒక్కతే ఇద్దరి పెట్టు. బావ కుడిచేత్తో పట్టాడు. కాళ్ళు నేలకి తన్నిపెట్టి, బుగ్గలు ఉబ్బించి పట్టాడు. మోకు జానెడు కూడా కదల్లేదు.

"చెయ్యి బాగానే ఉంది" అంది మేస్త్రమ్మ చెమట తుడుచుకుంటూ. "అయినా పద్ధతి పద్ధతే. ఇవాళ అందరూ కిందే. ఈ గోడ రేపటిదాకా మురిగ్గా ఉంటే మేడేమీ కూలిపోదు. రేపు నిజం కల చెప్పు, అప్పుడు చూద్దాం. కోతలు కోశావో, ఆ గోదాము దారి చూసుకో."

సాయంత్రం ఇంటికెళ్ళగానే బామ్మర్ది దిండు దులిపి అక్క చేతికిచ్చాడు.

"ఏమిట్రా, ఇవాళ దానకర్ణుడివయ్యావు?" అంది అక్క. కథంతా విన్నాక మొగుడి వైపు తిరిగింది. "మీ చెయ్యేమన్నా పూలపాన్పు అనుకున్నారా? బండరాయి! నా మెడ పట్టేసి ఇన్నాళ్ళుగా తల తిప్పలేక చస్తున్నాను. మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నా."

"నీకు నిద్రాభంగమని నేను ఊరుకున్నా" అన్నాడు బావ.

"ఇద్దరూ ఊరుకుని నా ప్రాణం తీశారు" అన్నాడు బామ్మర్ది.

మర్నాడు పొద్దున్న మేడ ముందు ఎవరూ టీ తాగలేదు. గ్లాసులు చేతుల్లోనే చల్లారుతున్నాయి. మేస్త్రమ్మ అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది. అందరూ బావ నోటికేసే చూస్తున్నారు.

"పరుగుపందెం" అన్నాడు బావ. "ఆయాసపడుతూ గీత దాకా వచ్చాను. చప్పట్లు లేవు. చూస్తే ఒంటిమీద తువ్వాలొక్కటే ఉంది. పందెం నిన్ననే అయిపోయిందట. మైదానం ఊడ్చే ఆవిడ ఎగాదిగా చూసి, వచ్చావుగా, ఊడ్చిపో అని చీపురు చేతికిచ్చింది. ఊడ్చి ఊడ్చి, ఇంటికి పోదామని బస్సెక్కితే, మీ అందరికీ సీట్లున్నాయి, నాకు లేదు. ఇదిగో వీడు కిటికీ బయట ఉయ్యాలమీద కూచుని వస్తున్నాడు. ఎక్కిన దగ్గర్నుంచీ వాగుడే. నోర్ముయ్యరా అని బతిమాలాను, బెదిరించాను. మెలకువ వచ్చేదాకా ముయ్యలేదు."

"అయితే పడలేదా నేను?"

"పడితే కదా ఆపేది!"

"మరి నువ్వు?" అంది మేస్త్రమ్మ. "ఓడిపోయావా?"

"చిత్తుగా, మేస్త్రమ్మా. తువ్వాలు మాత్రం నిలబెట్టుకున్నాను."

జట్టంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. మేస్త్రమ్మ మోకు చుట్ట తెచ్చి బావ కుడిభుజానికి తగిలించి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

పైన బావ స్తంభానికి రెండు చుట్లు చుట్టాడు. ముడి ఒక్కసారే చూశాడు. బామ్మర్ది ఉయ్యాల ఎక్కి అంచు దాటి కనపడకుండా పోయాడు. మోకు బిగిసింది. బావ చెవి రిక్కించాడు.

"బావా, ఒకటి చెప్పనా? దిండు లేక రాత్రంతా కాళ్ళు లాగేశాయి. మీ ఇంట్లో పాత కోటేదో ఉందిగా, అది మడతపెట్టుకుంటే నీకేమన్నా అభ్యంతరమా? ఇంకో సంగతి, ఈ బోడిగుండాయన ఇవాళ జుట్టు పెట్టుకొచ్చాడు బావా, నిజం..."

"ఊఁ" అన్నాడు బావ, కొంచెం తాడు వదిలి. "చెప్పు, చెప్పు. ఆపకు."