వరసలో చివరి ఫోను

ఆ ఇంట్లో పొద్దున ఏడింటికి హాల్లో ఫోను మోగుతుంది. చేసేది వంటింట్లోంచి అమ్మ. "కాఫీ చల్లారిపోతోంది" అని చెప్పి పెట్టేస్తుంది. మధ్యనున్నది పదడుగులే. కాని నాయనమ్మ పోయిన మర్నాటి నుంచీ అమ్మ గొంతు నేరుగా వినబడడం మానేసి, ఫోన్లోంచి మాత్రమే వస్తోంది. అంతకుముందు నాయనమ్మదీ అంతే. కూరగాయల బండివాడు అమ్మ ఎదురుగా నిలబడే "ఓ రింగివ్వండమ్మా" అని, ఫోను చెవిలో పెట్టుకుని బేరమాడేవాడు.

ఫోన్లకి ఆ ఇంట్లో ఒక వరస ఉంది. కొత్తది నాన్నకి, నాన్నది అన్నకి, అన్నది అమ్మాయికి, అమ్మాయిది అమ్మకి. ఒకప్పుడు ఆ చివర నాయనమ్మ ఉండేది. ఇప్పుడు అమ్మ దగ్గరున్న ఫోనుకి రబ్బరు బ్యాండు తీస్తే వీపు ఊడి చేతికొస్తుంది. మైకు పన్నెండు దాటితే మొరాయిస్తుంది. అందుకని అమ్మ రోజంతా చెప్పాల్సినవి పన్నెండులోపే చెప్పేసేది.

అమ్మాయిది కంటాసుపత్రిలో టోకెన్లు పిలిచే ఉద్యోగం. అరవై మంది కూర్చున్న హాల్లో నంబరు పిలిస్తే చివరి బెంచీ దాకా ఖంగుమనేది. ఆ గొంతు విని ఇచ్చిన ఉద్యోగమే అది.

"ఈసారి కొత్తది మీ అమ్మకే," అని నాన్న మాటిచ్చాడు. ఒక ఆదివారం పొద్దున్నే నలుగురూ కొట్టుకెళ్ళారు. చివరికి పోటీలో రెండు మిగిలాయి. చిలక బొమ్మ కంపెనీ ఫోను ఫోటోల్లో దిట్ట. తాబేలు బొమ్మ కంపెనీది చూపుకి మొద్దులా ఉంటుంది, కాని గుసగుసలాడినా స్పష్టంగా వినబడుతుంది. అమ్మ పక్కనే నిలబడి నాన్నకి ఫోన్ చేసింది.

"నాకు తాబేలు చాలండి."

"అమ్మగారి గొంతు దీంట్లో బ్రహ్మాండంగా వస్తుంది సార్," అన్నాడు కొట్టతను.

నాన్న ఇళ్ళ బ్రోకరు. ఊరికే చూద్దామని చిలకతో కొట్టు వెనక సామాన్ల గదిని ఫోటో తీశాడు. నలుగురు పడుకునే గదిలా కనబడింది. అంతే, ఆయన మనసుని చిలకెత్తుకుపోయింది.

"ఇళ్ళు చూపించుకునేవాణ్ణి నేను. మాట్లాడ్డానికేముంది, ఏ ఫోనైనా మాట్లాడుతుంది."

"మరే," అన్నాడు అన్న. నాన్న పాతది తనకొస్తుంది కదా.

నాన్నకి ఇచ్చిన మాట ఎక్కడో గుచ్చుకున్నట్టుంది, అమ్మాయి వైపు తిరిగాడు. "నీ ఫోను అమ్మకొస్తుంది, మైకు బాగుందా? లేకపోతే చెప్పు, తాబేలే తీసుకుందాం."

ఆ మైకు చచ్చి నాలుగు నెలలైంది. టైపు చేసుకునే పిల్లకి దాంతో పనిలేక ఎవరికీ చెప్పలేదు. అన్న ఫోను మీద మాత్రం ఎన్నాళ్ళ నుంచో కన్ను. అమ్మ ఆమె నోటి వంకే చూస్తోంది.

"నిక్షేపంలా ఉంది నాన్నా," అంది.

అమ్మ పాత ఫోనుని అక్కడే ఎక్స్చేంజిలో ఇచ్చేశారు. రబ్బరు బ్యాండు తమకక్కర్లేదని కొట్టతను తీసిస్తే, అమ్మ దాన్ని మణికట్టుకి వేసుకుంది.

మర్నాడు ఏడింటికి హాల్లో కొత్త చిలక మోగింది. నాన్న ఎత్తాడు. ఏమీ లేదు. "ఏమే, పలకవేం?" అన్నాడు. వంటింటి గుమ్మంలో అమ్మ పెదవులు కదులుతున్నాయి. "రిపేరుకిద్దామా?" అన్నాడు నాన్న.

అమ్మాయి గబుక్కున ఫోను లాక్కుని చెవికి పెట్టుకుంది. "వినబడుతోందిగా. కాఫీ చల్లారిపోతోందంటోంది. నీకింకా కొత్త ఫోను అలవాటవలేదు."

ఆ రోజు నుంచి అమ్మ మాటలు అమ్మాయే చెప్పేది. అమ్మ బాగానే ఉందంటోంది. అమ్మకేమీ వద్దంటోంది. ఈ ఒక్కదానికే ఎలా వినబడుతోందని ఎవరూ అడగలేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. వినేవాళ్ళకి ఇష్టమైన అబద్ధమైతే అతకడం కూడా అక్కర్లేదు.

పది రోజులు అమ్మ ఫోన్ చేస్తూనే ఉంది. భోజనాల బల్లకి అవతల కూర్చుని, కూతురి కళ్ళలోకి చూస్తూ చేసింది. కూతురు పళ్ళెంలోకి చూస్తూ "సరేమ్మా, సరే" అంది. పదకొండో రోజు అమ్మ ఫోను ఆపేసి, బీరువా సొరుగులో పెట్టి తాళం వేసింది. అమ్మాయికి సిగ్గేసింది. కాని సిగ్గుకన్నా హాయే ఎక్కువనిపించింది. వరసలో ఇప్పుడు చివరున్నది తనేనని తట్టలేదు.

మర్నాడు ఆసుపత్రిలో పద్నాలుగో నంబరు పిలిచింది. ఎవరూ లేవలేదు. ఇంకోసారి పిలిచింది. గొంతు నరాలు ఉబ్బాయి, చప్పుడు లేదు. ముందు బెంచీలో ఒక కంటికి కట్టున్న పెద్దాయన చేతిలో టోకెను చూసుకుని, ఆమె పెదవులు చూసి, జేబులోంచి ఫోను తీశాడు.

"నా నంబరు చెప్తాను, రింగివ్వమ్మా."

మధ్యాహ్నానికి ఆ కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుంది. "అరవై మందికీ ఫోన్లు చేస్తూ కూర్చుంటే ఎలాగమ్మా," అంది పెద్ద నర్సు, కోపం లేకుండానే.

ఇంటికొచ్చేసరికి హాల్లో నాన్న అన్నతో అంటున్నాడు. "ఈ చిలకలో మాట సరిగ్గా వినబడ్డం లేదురా. వచ్చేసారి నాకు తాబేలే."

అమ్మాయి వంటింట్లోకి వెళ్ళి "అమ్మా" అంది. అమ్మ ఆ పెదవుల వంక కాసేపు చూసింది. తడి చేతులు తుడుచుకుని, కూతురి ఫోను తీసుకుని, మణికట్టు మీది రబ్బరు బ్యాండు లాగి దానికి రెండు చుట్లు వేసింది. ఫోను తిరిగిచ్చేసి మళ్ళీ కూరగాయలు తరగడం మొదలుపెట్టింది.