మూడుకాళ్ళ టికెట్

ఆ ఇంట్లో తెల్లారిందంటే గంట మోగాల్సిందే. తను పనిచేసిన పాత బస్సును తుక్కుకింద కోసేసిన రోజున కండక్టరు దాని గంటను తాడుతో సహా ఊడబెరికి ఇంటికి పట్టుకొచ్చుకుంది. తాడు కొస ఆవిడ మంచం దగ్గర, గంట వంటింటి గుమ్మం మీద. ఒకసారి మోగితే ఆగమని, రెండుసార్లు మోగితే పదమని. చెల్లెలు కుట్టుమిషను తొక్కుతుండగా ఒక గంట మోగితే చప్పుడు ఆపాలి. రెండు మోగితే టీ పెట్టాలి.

"మూడు మోగిస్తే ఏం చెయ్యాలక్కా?" అని చెల్లెలు ఒకసారి అడిగింది.

"మూడంటే బండికి నిప్పంటుకున్నట్టు. దూకెయ్యడమే."

అక్క పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు చేసుకుని, చాలనుకుని వచ్చేసింది. ఆ రెండు గదుల్లో వాళ్ళిద్దరూ, ఒక కుట్టుమిషనూ, ఒక పిల్లీ. బస్సు చివరి రోజుల్లో ఆ పిల్లి తనంతట తానే ఎక్కి, డబ్బుల సంచీ మీద పడుకుని, ఆఖరి స్టాపు వచ్చినా దిగనని మొరాయించింది. టికెట్ లేకుండా ఎక్కింది కాబట్టి దానికి టికెట్ అనే పేరు పెట్టారు.

ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. కండక్టరు కుడికాలిలో చక్కెర జబ్బు పుండు పడింది. కట్టు మార్చిన ప్రతిసారీ చెల్లెలు ఊపిరి బిగబట్టేది. పెద్దాసుపత్రి డాక్టరు సూటిగానే చెప్పాడు.

"మోకాలి కింద తీసెయ్యాలమ్మా. ఇంకా ఆగితే విషం పైకెక్కుతుంది. అప్పుడు నా చేతుల్లో ఏమీ ఉండదు."

"నా బండిలో టికెట్ లేకుండా ఎవరూ ఎక్కరు డాక్టరుగారూ," అనేసి కండక్టరు చెప్పులేసుకుని వచ్చేసింది.

దారిలో చెల్లెలు ఉండబట్టలేక, "ఎక్కరంటావు, పిల్లి ఎక్కలేదూ?" అంది.

"పిల్లి నన్నడిగి ఎక్కింది. నోర్మూసుకుని నడు."

బతుకంతా ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ మనిషి. కాలు పోతే నేనెవర్ని అన్నదే ఆవిడ భయం. భయమని ఒప్పుకోలేక మొండితనమని పేరు పెట్టుకుంది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున సందులో మోటారుసైకిల్ చక్రం కింద టికెట్ ఎడమ వెనక కాలు నలిగిపోయింది.

పశువుల డాక్టరమ్మ మెత్తగా మాట్లాడే మనిషి. "కాలు నిలవదండీ. పైగా వయసుమళ్ళిన పిల్లి. మూడు కాళ్ళతో బతకనివ్వడమా, నొప్పి తెలియకుండా నిద్రపుచ్చెయ్యడమా, మీరే ఆలోచించుకోండి," అంది.

కండక్టరు ఆలోచించుకోలేదు. "నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటే జనం నవ్వుతారమ్మా. నా పిల్లికి నిజంగానే మూడు. ఇక నవ్వమనండి చూద్దాం. కాలు తీసెయ్యండి, ప్రాణం జోలికి మాత్రం వెళ్ళకండి."

పిల్లిని అక్కడ వదిలి ఇంటికొచ్చారు. కండక్టరు కాలుకాలిన పిల్లిలా గుమ్మానికీ కిటికీకీ మధ్య కుంటుకుంటూ తిరిగింది. చెల్లెలు మిషను ముందు కూర్చుంది కానీ సూదిలో దారమే ఎక్కించలేదు.

మధ్యాహ్నం గుమ్మం దగ్గర ఏదో గీరిన చప్పుడైంది. చెల్లెలు వెళ్ళి చూస్తే టికెట్ ఎడమ వెనక కాలు నిలబడి ఉంది. బూడిదరంగు కాలు, కింద తెల్ల మేజోడు తొడిగినట్టుండే పాదం. నెత్తుటి మరక లేదు. నడిచొచ్చిన దుమ్ము మాత్రం ఉంది.

"వచ్చావా తల్లీ," అని చెల్లెలు చీరచెంగుతో దాన్ని తుడిచింది. "అక్కా, కాలొచ్చింది. పిల్లి గట్టెక్కినట్టే."

తర్వాత ఎప్పటికో డాక్టరమ్మ ఫోను చేసి అదే మాట చెప్పింది.

ఆ ఊళ్ళో అంతే. ప్రాణం నిలిచిన ఒంటి నుంచి తీసినది ఏదైనా ముందుగా ఇల్లు చేరుతుంది. కింద ఇంటి వడ్రంగికి రంపం కింద రెండు వేళ్ళు పోయినప్పుడు, అతను ఆసుపత్రి నుంచి తిరిగి రాకముందే ఆ వేళ్ళొచ్చి కిటికీలో కూర్చున్నాయి. ఇప్పటికీ వాన రాబోతుంటే చెక్క మీద టకటకా కొట్టి చెబుతాయి. సందులో వాళ్ళంతా అది వినే ఆరేసిన బట్టలు తీసుకుంటారు.

అయితే కండక్టరుకు ఈ విషయంలో ఒక కక్ష ఉంది. నిరుడు ఆవిడ కాలి చిటికెన వేలు నల్లబడి, ఊడే స్థితికొచ్చాక తీశారు. ఆ వేలు ఇంటికి రాలేదు. గుమ్మం తెరిచిపెట్టుకుని ఎదురుచూసింది, అయినా రాలేదు.

"నా వేలికే నేనంటే లెక్కలేదు," అంది పిల్లి కాలు వంక చూస్తూ. "నీకున్న బుద్ధి దానికి లేకపోయింది."

ఆ కాలు కుదురుగా ఉండే రకం కాదు. ఇల్లంతా చూడ్డం మొదలెట్టింది. నున్నటి గచ్చు మీద జర్రున జారి గోడకు కొట్టుకుంది. మంచం ఎక్కబోయి కింద పడింది. స్నానాలగది గడప దాటలేక అక్కడే నిలబడిపోయింది.

కండక్టరుకు విషయం అర్థమైంది. "చూశావుటే, తనిఖీకొచ్చింది. ఎక్కడ పడుతోందో అక్కడల్లా పని చెయ్యాలి." గంట రెండుసార్లు లాగింది.

ఇక ఇంట్లో పని మొదలైంది. చెల్లెలు గోనెసంచులు చింపి, పాత గుడ్డలు పొరలు పొరలుగా వేసి కుట్టి, గచ్చంతా పరిచేసింది. పిల్లి ఒంటికీ రెంటికీ వెళ్ళే ఇసుక తొట్టికి ఒకవైపు అంచు కోసేసి, పొట్టకు గుచ్చుకోకుండా గుడ్డ అంటించింది. మూలన మెత్తటి పరుపు వేసి, అందులోంచి లేవకుండానే అందేలా నీళ్ళగిన్నె పెట్టింది. పుండు నాక్కోకుండా ఉండాలని పాత చొక్కాలోంచి పిల్లికి ఒక తొడుగు కత్తిరించింది. కుట్టడం అయ్యాక చూసుకుంటే కాళ్ళకు నాలుగు కన్నాలు పెట్టేసింది. చెయ్యి అలవాటు.

"అయ్యో, విప్పేస్తానుండు," అంది.

"ఉంచు. ఖాళీ సీటుంటే బండికి నష్టమేం లేదు," అంది కండక్టరు.

వడ్రంగి పలకలు మోసుకొచ్చాడు. మంచానికి ఏటవాలుగా ఒక చెక్క, దాని కింద ఒక మెట్టు. "బస్సు ఫుట్‌బోర్డు ఎత్తులో ఉండాలి," అని కండక్టరు మంచం మీద నుంచే చేత్తో కొలత చూపించింది. అతను ఏదో అనబోయి, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, చెప్పినట్టే చేశాడు. స్నానాలగది గడప పీకించింది. లోపల ఒక బల్ల వేయించింది. ఇంకా ఊరుకోలేదు. మంచం దగ్గర నుంచి స్నానాలగది దాకా గోడకు ఒక ఇనుప గొట్టం బిగించమంది.

పై ఇంటాయన మెట్లు దిగుతూ తొంగిచూశాడు. "కండక్టరమ్మగారూ, మూగజీవాన్ని కుంటిదాన్ని చేసి ఏడిపించడం కంటే, సూదితో ప్రశాంతంగా సాగనంపడం మేలు కదండీ," అన్నాడు.

"మీకు మోకాళ్ళ నొప్పులని మీ ఆవిడ చెబుతుంటుంది. మీకూ ఒక సూది మాట్లాడనా?"

ఆయన మిగిలిన మెట్లు నొప్పి లేనట్టు దిగి వెళ్ళిపోయాడు.

టికెట్ ఇంటికొచ్చింది. బుట్టలోంచి తల బయటపెట్టింది. ఎదురుగా తన కాలు. వాసన చూసింది, ఒకసారి నాకింది. అంతే, దానికి వీపు తిప్పి, మూడు కాళ్ళ మీద ఊగుకుంటూ నీళ్ళగిన్నె దగ్గరకు వెళ్ళింది. రెండు చోట్ల పక్కకు ఒరిగింది. చెల్లెలు చేతులు చాచింది.

"పట్టుకోకే," అంది కండక్టరు. "నిలబడనీ."

పిల్లి నిలబడింది. నీళ్ళు తాగింది. తాగి, మీసాలు తుడుచుకుని, మీరేంటి నన్ను చూసేది అన్నట్టు చూసింది.

రోజులు గడిచేకొద్దీ అది గోనెల మీద పరిగెత్తడం నేర్చుకుంది. ఆ కాలు దాని వెంటపడి ఆడేది. ఒక్కోసారి ముందు పరిగెత్తి మిషను కింద దాక్కునేది. అలసిపోయి పిల్లి పడుకున్నాక ఆ కాలు మెల్లగా వచ్చి, తొడుగులోని నాలుగో కన్నంలో దూరి తనూ పడుకునేది. కండక్టరు ఆ రెండింటినీ చూస్తూ గంటలకొద్దీ కూర్చునేది. ఈమధ్య ఆవిడకు ఒళ్ళు వెచ్చబడుతోంది. కట్టు కిందనుంచి ఎర్రటి చార ఒకటి పిక్క వైపు బయల్దేరింది. చెల్లెలు చూసింది. అక్క చీర కిందికి లాక్కోవడం కూడా చూసింది.

వడ్రంగి ఆఖరి మేకు కొట్టి గొట్టాన్ని ఊపి చూశాడు. నడుమెత్తులో, గోడ పొడుగునా, గట్టిగా నిలిచింది.

చెల్లెలు చేతిలో కత్తెర పక్కన పెట్టింది. "అక్కా, ఒక మాటడుగుతాను. పిల్లి గొట్టం పట్టుకుని నడుస్తుందా?"

కండక్టరు గంట తాడు కొసను వేలికి చుట్టుకోసాగింది.

"స్నానాలగదిలో పిల్లి బల్ల మీద కూర్చుంటుందా? ఆ ఫుట్‌బోర్డు చూడు, టికెట్ పక్కనుంచి దూకి వెళ్ళిపోతోంది. దాని మీద ఇప్పటిదాకా ఎవరూ కాలు పెట్టలేదు."

వడ్రంగి కూడా అప్పుడు నోరు విప్పాడు. "నేను మొదటి రోజే చూశానక్కా. పిల్లి కొలతలు కావవి. అడిగితే ఆపించేస్తావని నోరెత్తలేదు."

కండక్టరు ఇల్లంతా చూసింది, పరిచిన గోనెలు, పీకిన గడప, గోడ మీద మెరిసే గొట్టం. ఎవరి ఇంట్లోకో కొత్తగా అడుగుపెట్టినట్టు చూసింది. ఆవిడకు తెలియకుండా ఆవిడ చేతులు ఇన్నాళ్ళూ ఏం చెబుతూ వచ్చాయో అప్పుడు చూసింది.

"నా వేలు రాలేదుగా," అంది చివరికి, చిన్నపిల్లలా. "కాలు మాత్రం ఏం వస్తుంది?"

"వేలు చచ్చిపోయాక తీశారక్కా," అన్నాడు వడ్రంగి. "చచ్చినదానికి దారేం తెలుస్తుంది? నా వేళ్ళు వెచ్చగా ఉండగానే తెగాయి, వచ్చాయి. ఇంకా ప్రాణం ఉండగా తీయించు, అదే వస్తుంది."

అప్పుడు పిల్లి కాలు తొడుగులోంచి బయటికొచ్చింది. గోనె మీద నడుచుకుంటూ కండక్టరు కట్టుకట్టిన పాదం దగ్గరకెళ్ళి దానికి ఆనుకుని నిలబడింది. చాలాసేపు అలాగే ఉంది. పాదాలూ పాదాలూ ఏం మాట్లాడుకున్నాయో మనకేం తెలుస్తుంది.

కండక్టరు తాడందుకుంది. రెండుసార్లు లాగింది.

"డ్రైవర్ని రమ్మను."

తనతో అన్నేళ్ళు బస్సు నడిపిన డ్రైవరు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. కబురందగానే వచ్చాడు. ఆవిడ మెట్లు దిగేటప్పుడు పట్టుకోబోతే చెయ్యి విదిలించింది.

"ఇవాళ్టి దాకా రెండు కాళ్ళున్నాయి. రెంటితోనే దిగుతాను. రేపటి సంగతి రేపు, గొట్టం ఉందిగా." చెల్లెలు వెంట బయల్దేరబోతే ఆపేసింది. "నువ్వెక్కడికి? పిల్లికి మందెవరు వేస్తారు? గుమ్మం ఎవరు తెరుస్తారు?"

ఆటోలో కూర్చునేసరికి పిల్లి కాలు ఎగిరి ముందే ఎక్కేసింది.

"ఇదెందుకమ్మా?" అన్నాడు డ్రైవరు.

"నా కాలికి దారి చూపించడానికి. ఎప్పుడూ బస్సులోనే వచ్చింది కదా, నడిచొచ్చే దారి దానికి తెలీదు. పోనీ."

"టికెట్ కొట్టరా దీనికి?"

"ఇది స్టాఫు."

మర్నాడు పొద్దున ఆపరేషను. చెల్లెలు టికెట్‌కు మందు వేసింది. మిషను దగ్గర కూర్చుంది. లేచింది. గుమ్మం తెరిచింది. మెట్లు చూసింది. మళ్ళీ కూర్చుంది. డ్రైవరు దగ్గర నుంచి ఫోను రాలేదు. ఎండ గోనెల మీద నుంచి గోడ మీది గొట్టం దాకా పాకింది.

టికెట్ చెవులు నిక్కబొడిచింది.

మెట్ల మీద మెత్తటి అడుగు. దూదిముద్ద పడుతున్నట్టు. చెల్లెలు గుమ్మంలోకి వెళ్ళింది. పిల్లి కాలు ఎక్కి వచ్చింది. ఒక్కటే. దాని వెనక మెట్లన్నీ ఖాళీ.

చెల్లెలు గొట్టం పట్టుకుంది. నిన్న బిగించిన గొట్టాన్ని మొదటగా పట్టుకున్నది ఆవిడే.

పిల్లి కాలు మాత్రం లోపలికి రాలేదు. గడప మీద ఆగి వెనక్కి తిరిగి నిలబడింది.

అప్పుడు చాలా కిందనుంచి ఇంకో చప్పుడు వినిపించింది. బరువైన అడుగు. ఒక మెట్టు, ఇంకో మెట్టు. మలుపు దగ్గర ఆగింది, ఎవరైనా దిగేవాళ్ళున్నారేమో అన్నట్టు. మళ్ళీ బయల్దేరింది. వడ్రంగి గుమ్మం ముందు ఆగింది. కిటికీలోంచి రెండు వేళ్ళు టకటకమన్నాయి. మళ్ళీ బయల్దేరింది. అప్పుడే చెల్లెల్ని దాటి కిందికి దిగిన పై ఇంటాయన గోడకు అతుక్కుని దారిచ్చిన అలికిడి, "రండి, రండి" అన్న మర్యాద గొంతూ వినిపించాయి.

ఆఖరి మలుపు తిరిగింది. చిటికెన వేలు లేని కుడిపాదం, పిక్క దాకా. ఎర్రచార మాసిపోయింది. మడమ మీద, అన్నేళ్ళు బస్సులో నిలబడ్డ కాయ అలాగే ఉంది. దారంతా నడిచొచ్చిన దుమ్ము.

గుమ్మం ముందుకొచ్చి ఆగింది. లోపల ఫోను మోగడం మొదలెట్టింది. చెల్లెలు దాని వంక చూడలేదు. డ్రైవరు చెప్పబోయేదేంటో ఆవిడకు అప్పటికే తెలుసు.

పాదం మడమెత్తి నేలకు కొట్టింది. ఠక్. ఒక్క క్షణం ఆగి మళ్ళీ కొట్టింది. ఠక్.

చెల్లెలు కళ్ళు తుడుచుకుని, తలుపు బార్లా తీసి, పక్కకు జరిగి నిలబడింది.

"రైట్," అంది.