మూడో శంఖం

కొబ్బరికాయను నేలలో పాతిన మొన కర్రకు గుచ్చి, ఒక్క మెలి తిప్పి, పీచు ఊడదీసి అవతల పడేశాడు పెనియమీన. నలభై ఏళ్లుగా అదే పని. ఆ పనికి అతని కుడి భుజం కాస్త కిందికి జారింది, అరచేతులు తాబేటి చిప్పల్లా గట్టిపడ్డాయి. సవాయీ దీవిలోని ఆ చిన్న ఊళ్లో అతని గురించి చెప్పుకోవాల్సింది ఇంకొక్కటే ఉంది. సాయంత్రం ప్రార్థనకు శంఖం ఊదేది అతనే. మొదటిసారి ఊదితే అందరూ ఇళ్లు చేరాలి. రెండోసారి ఊదితే ప్రతి ఇంట్లో పాట మొదలవ్వాలి. మూడోసారి ఊదేదాకా ఎవరూ చాప మీంచి లేవకూడదు.

పది కాయలకొకసారి ఇంటివైపు చూస్తున్నాడు. గోడల్లేని ఇల్లు కాబట్టి అడుగు కదపనక్కర్లేదు. స్తంభాల మధ్య చాప మీద అతని భార్య లోసా పడుకుని ఉంది. దుప్పటి లేవడం, దిగడం చూసుకుని మళ్లీ కాయ అందుకుంటున్నాడు. ఇంక ఆసుపత్రికి తిప్పవద్దని, ఇంట్లోనే ఉంచమని నిన్న నర్సమ్మ చెప్పి వెళ్లింది. 

మధ్యాహ్నం పక్కింటి అలేసానా కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకు తెచ్చాడు.

"తిను అన్నా. నిన్న నీ శంఖం ముసలి పంది మూలిగినట్టుంది."

"నీకు చెవులున్నాయని ఇవాళే తెలిసిందిరా." పెనియమీన నవ్వబోయి, ఇంటివైపు చూసి ఆగిపోయాడు. "ఒక మాట, ఎవరితో అనకు. నాకు ప్రార్థన రావట్లేదు. కళ్లు మూసుకుంటే భయమే వస్తోంది. ఊరందర్నీ ప్రార్థనకి పిలిచేవాణ్ణి, సిగ్గుగా ఉందిరా."

అలేసానా గిన్నె అతని ముందుకు జరిపాడు.

"రాకపోతే ఊరుకో. నువ్వు ఊదు చాలు. చేసేవాళ్లం మేం లేమా?"

భయం పోలేదు. కానీ రెండు ముద్దలు గొంతు దిగాయి.

పొద్దు వాలాక రెండుసార్లు ఊది వచ్చి, శంఖం ఒళ్లో పెట్టుకుని లోసా పక్కన కూర్చున్నాడు. అలేసానా ఇంట్లో పాట లేచింది. తర్వాత ఎదురింట్లో, ఆ తర్వాత సముద్రం ఒడ్డు ఇళ్లలో. పాటలయ్యాక ప్రార్థనలు. ఒక్కో ఇంట్లోంచీ లోసా పేరు వినిపిస్తోంది.

"అలేసానాకి ఈ జన్మలో శ్రుతి కుదరదు," అంది లోసా కళ్లు తెరవకుండానే.

"నీకు నవ్వొస్తోందా!"

"ఊదెయ్యవయ్యా. ఊళ్లో పిల్లలు ఆకలితో ఉంటారు."

శంఖం పెదవుల దాకా ఎత్తాడు. ఊదితే అందరూ లేచి వంటలకు పోతారు. ఊరు సద్దుమణుగుతుంది. ఈ చాప మీద తనూ, ఆమె ఊపిరీ, ఆ భయమూ మిగులుతాయి. అతని వల్ల కాలేదు. దించేశాడు.

ప్రార్థనలు ముగిశాయి. ఊరంతా మూడో శంఖం కోసం ఆగింది. పెనియమీన ఇన్నేళ్లలో ఒక్కరోజూ ఇలా చేయలేదు. ఇప్పుడెవరైనా కేకేస్తారని చూస్తున్నాడు.

అలేసానా గొంతు, శ్రుతి లేకుండానే, ఇంకో పాట ఎత్తుకుంది. ఎదురిల్లు అందుకుంది. ఒడ్డు ఇళ్లూ అందుకున్నాయి. ఎవరింట్లోనో పొయ్యి మీద కోకో పొంగి మాడిన వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు. పందులు తిండికి అరుస్తున్నా ఎవరూ లేవలేదు. వాళ్లకు తెలుసు, అనుకున్నాడు పెనియమీన. తెలిసే కూర్చున్నారు.

మూడో పాటకు అతని పెదవులు కదిలాయి. నాలుగో పాటకు గొంతు వచ్చింది. భయం అలాగే ఉంది, కాకపోతే దాన్ని ఒక్కడే మోయడం లేదు. లోసా చెయ్యి పట్టుకుని పాడుతూనే ఉన్నాడు. పాట మధ్యలో దుప్పటి దిగింది. మళ్లీ లేవలేదు. అతను చూశాడు. పాట ఆపకుండా చివరి చరణం దాకా పాడాడు.

తర్వాత ఆమె చెయ్యి మెల్లగా చాప మీద పెట్టి, "పిల్లలు ఆకలితో ఉన్నారు," అన్నాడు. బయటికి వచ్చి ఊదాడు. ముసలి పంది మూలిగినట్టే వచ్చింది.

ఎవరూ వంటలకు పోలేదు. అందరూ ఇళ్లు దిగి ఇటే వచ్చారు. అలేసానా అందరికంటే ముందు వచ్చి అతన్ని పొదివి పట్టుకున్నాడు. అప్పటికే అతను తెచ్చిపెట్టిన శంఖం లోసా తలగడ పక్కన ఉంది, దాని అంచు ఇంకా తడిగానే ఉంది.